ఇద్దరు పైలట్ల పోరును విమర్శించడం ఎలా?

హనుమకొండలో మా మిత్రబృందం ఆదివారాల్లో చూసి చర్చించుకునే యానిమేషన్ ధారావాహికల్లో, 1979లో జపాన్‌లో మొదలైన 43 భాగాల ‘మొబైల్ సూట్ గండమ్’ ఒకటి కాబట్టి దానినే ఉదాహరణగా తీసుకుంటాను. మొదటిసారి కలం పట్టకుండా చూడండి. రెండోసారి ప్రత్యర్థి పైలట్లైన అమురో, షార్ ఎదురుపడే ఘట్టాలను మాత్రమే వరుసగా చూసి, ఒక్కొక్క పోరు తరువాత ఎవరికి ఏమి తెలిసివచ్చిందో రాసుకోండి. ఎవరు గెలిచారన్నది అంత ముఖ్యం కాదు.

మొదటి భాగంలో అమురో చేతిపుస్తకం తిరగేస్తూనే, మనిషి ఆకారపు భారీ యుద్ధయంత్రమైన గండమ్‌ను నడుపుతాడు. అప్పటికి అతనిని కాపాడేది నైపుణ్యం కాదు, యంత్రం బలం. షార్ సంగతి తలకిందులు: యంత్రం తక్కువది, చెయ్యి ఆరితేరినది. చివరి భాగాలకు వచ్చేసరికి అమురో వేగాన్ని గండమే అందుకోలేకపోతుంది. ఈ మార్పు మెట్టుమెట్టుగా కనిపించిందా, హఠాత్తుగా ఊడిపడిందా అన్నదే మీ విమర్శకు వెన్నెముక కావాలి.

షార్ ముసుగును ప్రతినాయకుడి అలంకారమని కొట్టిపారేసి నేను మిత్రుల చేత చీవాట్లు తిన్నాను. అది తన పక్షాన్నే పాలించే జాబీ వంశంపై పగ తీర్చుకోవడానికి దాచుకున్న ముఖం. శాస్త్రకల్పన విషయానికి వస్తే, రాడార్‌ను పనిచేయనివ్వని మినోవ్‌స్కీ కణాల వల్లనే దగ్గరి పోరాటాలు అవసరమయ్యాయి కనుక, ఆ నియమాన్ని కథ ఎక్కడైనా మరచిందేమో భాగం సంఖ్యతో సహా చూపండి.