అద్దె ఆదాయానికి రిటర్న్ వేసే ముందు: ఏ ఖర్చు చెల్లుతుంది, ఏది చెల్లదు

ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు ఏడాది పొడవునా బిల్లులు దాస్తారు. రంగులు, ప్లంబరు, మోటారు రిపేరు, బ్రోకరు కమీషను, వాచ్‌మన్ జీతం, ఇంటి బీమా. ఆదాయపు పన్ను రిటర్న్ వేసేటప్పుడు వీటిలో ఒక్కటి కూడా విడిగా చెల్లదు. ఇంటి ఆస్తి ఆదాయం కింద చట్టం తీసేయనిచ్చేవి మూడే: మున్సిపల్ పన్ను, 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్, అప్పు మీద వడ్డీ. నాలుగోది ఇరికించబోయి నోటీసు తెచ్చుకునేవాళ్లు కొందరు, ఉన్న మూడింటినీ పూర్తిగా వాడుకోనివాళ్లు ఇంకా ఎక్కువమంది.

కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినా, 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయానికి వేసే రిటర్న్ 1961 చట్టం ప్రకారమే. ఇక్కడ చెప్పే సెక్షన్లు ఆ పాత చట్టానివి.

ముందు లెక్క వరస చూసుకోండి. నెలకు 20,000 చొప్పున ఏడాది అద్దె 2,40,000. ఇంటి పన్ను 10,000 కట్టారు. అది తీసేస్తే 2,30,000. దీని మీద 30 శాతం, అంటే 69,000 తీయాలి. మిగిలింది 1,61,000. అందులోంచి వడ్డీ తీయాలి. చాలామంది 30 శాతాన్ని మొత్తం అద్దె మీద వేసి 72,000 తీసేస్తారు, అది తప్పు. ఈ 30 శాతానికి బిల్లులు అక్కర్లేదు. ఏడాదంతా ఒక్క మేకు కూడా కొట్టించకపోయినా అంతే, లక్షలు పోసి బాగు చేయించినా అంతే.

మున్సిపల్ పన్ను విషయంలో రెండు షరతులున్నాయి. కట్టింది యజమానే అయి ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలోనే కట్టి ఉండాలి. అగ్రిమెంట్ ప్రకారం అద్దెకున్నవాళ్లే కడితే యజమానికి తగ్గింపు రాదు. డిమాండ్ నోటీసు వచ్చి, మార్చి 31 దాటాక కడితే అది వచ్చే ఏడాది లెక్కలోకి పోతుంది. పాత బకాయిలు మూడు నాలుగేళ్లవి కలిపి ఈ ఏడాది కట్టేస్తే మాత్రం ఆ పన్ను మొత్తం ఈ ఏడాదే తీసుకోవచ్చు. హైదరాబాద్‌లో 5 శాతం రాయితీ కోసం ఏప్రిల్‌లోనే కట్టేసేవాళ్లు రసీదు మీద తేదీ చూసుకోవాలి. 2026 ఏప్రిల్‌లో కట్టింది 2025-26 రిటర్న్‌లోకి రాదు. రాయితీ పోగా చేతినుంచి వెళ్లిన మొత్తమే రాయాలి.

వడ్డీకి పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది. కట్టారా లేదా అని కాదు, ఆ ఏడాదికి ఎంత పడింది అన్నదే లెక్క. రెండు ఈఎంఐలు తప్పినా ఆ ఏడాది వడ్డీ మొత్తం తీసుకోవచ్చు. ఆలస్యానికి బ్యాంకు వేసిన జరిమానా, వడ్డీ మీద వడ్డీ మాత్రం కలపకూడదు. ఈఎంఐలో అసలు కింద కట్టిన భాగం కూడా ఇక్కడికి రాదు. అది 80సి సెక్షన్ కింద విడిగా వచ్చే తగ్గింపు, అదీ పాత పన్ను విధానం (తగ్గింపులు ఎక్కువ, రేట్లూ ఎక్కువ) ఎంచుకున్నవాళ్లకే. అందుకే ఈఎంఐ మొత్తాన్ని పన్నెండుతో హెచ్చవేసి వేసేయకుండా బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తీసుకోండి. ఇప్పుడు రిటర్న్‌లో బ్యాంకు పేరు, లోన్ ఖాతా నంబరు, మంజూరైన తేదీ, మొత్తం అప్పు, మార్చి 31 నాటికి మిగిలిన బాకీ విడివిడిగా అడుగుతున్నారు. ఉజ్జాయింపు అంకె వేస్తే అక్కడే దొరికిపోతుంది.

ఏ అప్పు అన్నది కూడా ముఖ్యం. కొనడానికి, కట్టడానికి, బాగు చేయించడానికి తెచ్చిన అప్పు వడ్డీ చెల్లుతుంది. రిపేరు ఖర్చు చెల్లదు గానీ, ఆ రిపేరుకు తెచ్చిన అప్పు వడ్డీ చెల్లుతుందన్నమాట. స్నేహితుల దగ్గర తెచ్చినా సరే, కాగితం, బ్యాంకు ద్వారా జరిగిన చెల్లింపులు ఉండాలి. అదే ఇంటిని తాకట్టు పెట్టి కూతురి పెళ్లికి తెచ్చిన అప్పుకు మాత్రం ఈ పద్దులో చోటు లేదు. టాప్-అప్ లోన్ (ఉన్న ఇంటి అప్పు మీద అదనంగా తెచ్చింది) అయినా ఇంటి మీద పెట్టినంతవరకే. ఇల్లు తండ్రి పేరున ఉండి కొడుకు ఈఎంఐ కడుతుంటే కొడుక్కి తగ్గింపు రాదు. యజమాని కావాలి, అప్పులోనూ పేరుండాలి.

అపార్ట్‌మెంట్ కట్టుబడిలో ఉండగా పడిన వడ్డీని వదిలేసేవాళ్లు చాలామంది. 2021 జూన్‌లో అప్పు తీసుకుని, 2024 డిసెంబరులో ఇల్లు పూర్తయిందనుకోండి. 2024 మార్చి 31 వరకు పడిన వడ్డీ 5 లక్షలైతే, 2024-25 నుంచి ఏడాదికి లక్ష చొప్పున ఐదేళ్లు తీసుకోవచ్చు. 2024 ఏప్రిల్ నుంచి పడిన వడ్డీ ఏ ఏడాదిది ఆ ఏడాదే పూర్తిగా చెల్లుతుంది.

అద్దెకిచ్చిన ఇంటికి వడ్డీ మీద గరిష్ఠ పరిమితి లేదు. 2 లక్షల పరిమితి సొంతానికి వాడుకునే ఇంటిది. ఈ రెండూ కలగలిసిపోవడానికి కారణం, నష్టం సర్దుబాటులోనూ 2 లక్షలనే అంకె ఉండటం. మొదటి ఉదాహరణలో మిగిలిన 1,61,000లోంచి తీయాల్సిన వడ్డీ 3,90,000 అయితే నష్టం 2,29,000. పాత విధానంలో జీతం లాంటి ఇతర ఆదాయంలోంచి 2 లక్షలే తీయగలరు. మిగిలిన 29,000ను ఎనిమిదేళ్లలోపు అద్దె ఆదాయంలోంచే సర్దుకోవాలి, అందుకు ఐటీఆర్-1 (అన్నిటికన్నా సులువైన రిటర్న్ ఫారం) పనికిరాదు. కొత్త విధానంలో ఈ నష్టాన్ని జీతంలోంచి ఒక్క రూపాయి కూడా తీయనివ్వరు. ఏమీ ఎంచుకోకపోతే పడేది కొత్త విధానమే. పాతది కావాలంటే గడువులోపు వేసే రిటర్న్‌లోనే చెప్పాలి, గడువు దాటితే ఆ అవకాశం పోతుంది. పెద్ద లోన్ ఉన్నవాళ్లు రెండు విధానాల్లోనూ లెక్క వేసి చూడకుండా రిటర్న్ సబ్మిట్ చేయకండి.

మెయింటెనెన్స్ దగ్గర అగ్రిమెంట్ రాసేటప్పుడే జాగ్రత్తపడాలి. 25,000 అద్దె అని రాసుకుని అందులోంచి 3,000 సొసైటీకి మీరే కడితే, 25,000 మొత్తం అద్దెగానే లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. అద్దె 22,000 అని రాసి, మెయింటెనెన్స్ అద్దెకున్నవాళ్లే నేరుగా సొసైటీకి కట్టేలా పెట్టుకోవడం మేలు.

రిపేర్లు, కమీషన్లు చెల్లుతాయని అద్దెను వ్యాపార ఆదాయంగా చూపే దారి నివాస గృహాలకు 2024-25 నుంచి మూసేశారు. ఖాళీ స్థలం అద్దె అసలు ఈ పద్దులోకే రాదు, దానికి 30 శాతం లేదు.

అద్దె ఎగ్గొట్టి వెళ్లిపోయినవాళ్ల బాకీని మొదట్లోనే ఏడాది అద్దె లెక్కలో కలపకుండా వదిలేయవచ్చు. కానీ అద్దె ఒప్పందం నిజమైనది కావాలి, వాళ్లు ఖాళీ చేసి ఉండాలి లేదా చేయించే ప్రయత్నం జరిగి ఉండాలి, మీ ఇంకో ఇంట్లో వాళ్లు ఉండకూడదు, వసూలుకు కేసు వేసి ఉండాలి లేదా వేసినా లాభం లేదని పన్ను అధికారికి చూపగలగాలి. లీగల్ నోటీసు నకలు దాచండి. ఆ డబ్బు తర్వాతెప్పుడైనా వస్తే, వచ్చిన ఏడాది 30 శాతం పోగా పన్ను పడుతుంది, అప్పటికి ఇల్లు అమ్మేసినా సరే.

చివరగా 26ఏఎస్, ఏఐఎస్ (మీ పాన్ మీద నమోదైన పన్ను కోత, ఆదాయ వివరాలుండే పన్ను శాఖ పత్రాలు) తెరిచి చూడండి. నెల అద్దె 50,000 దాటితే అద్దెకున్న వ్యక్తి 2 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) కోసి ఫారం 16సి ఇవ్వాలి. యజమాని ఎన్నారై అయితే ఎంత చిన్న అద్దె అయినా కోత తప్పదు. ఏడాదికి లక్ష దాటిన అద్దె మీద హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు తీసుకునే ఉద్యోగి మీ పాన్ నంబరు ఇస్తాడు. అక్కడున్న అద్దె కన్నా మీరు తక్కువ చూపి, అది తప్పుడు సమాచారంగా తేలితే, ఎగవేసిన పన్నుకు 200 శాతం జరిమానా పడుతుంది.