నలుగురు కలిసి పాడాలంటే

హన్మకొండ, కాజీపేటల్లో గ్రూపు కట్టే తమ్ముళ్లు చాలామంది ముందు స్టెప్పులు, డ్రెస్సులు చూసుకుంటారు. నేనైతే శ్రుతితో మొదలుపెట్టమంటాను.

ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి ఒకటిన్నర శ్రుతిలో (కీబోర్డు మీద సి షార్ప్) కూర్చోండి. ఒకరు షడ్జమం (స) పట్టుకోవాలి, ఇంకొకరు అంతర గాంధారం (గ), మూడోవాళ్లు పంచమం (ప). మాటలొద్దు, 'ఆ' అంటే చాలు. మొదట్లో గాంధారం పాడేవాడు పక్కవాడి స్వరంలోకి జారిపోతుంటాడు. వాడిని గొంతు పెంచమనకండి, మిగతా ఇద్దరే తగ్గాలి. మూడూ కలిసిన క్షణం చెవికి తెలిసిపోతుంది, ఒళ్లు జలదరిస్తుంది. దానికోసమే నేనింకా గ్రూపులో పాడుతున్నాను.

గొంతు మారే వయసు పిల్లలుంటే పై స్థాయికి బలవంతం చేయొద్దు. కొరియా పాటల గ్రూపు బీటీఎస్‌తో 2013లో వచ్చేనాటికి గాయకుడు జంగ్‌కుక్ వయసు 15 ఏళ్లే. కాబట్టి చిన్నోడని పక్కన పెట్టకండి, శ్రుతి ఒక మెట్టు దించుకోండి.

వినాయక మండపాల దగ్గర స్పీకర్ల హోరులో మన గొంతు మనకే వినపడదు. ఒక స్పీకర్ మన వైపు తిప్పమని సౌండ్ అన్నను ముందే అడగండి. లేకపోతే అరిచి అరిచి మర్నాటికి గొంతు పోతుంది.

డబ్బుల లెక్క మొదటి ప్రోగ్రాంకు ముందే కాగితం మీద పెట్టండి. ఐదుగురున్న అమెరికా పాటల గ్రూపు బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ 1998లో తమ మేనేజర్ లూ పెర్ల్‌మన్ మీద కోర్టుకెక్కారు. ఆరో సభ్యుడిలా ఆయనా వాటా తీసుకుంటున్నాడన్నది వాళ్ల గొడవ. మనకైతే ఆటో చార్జీ, మైకు కిరాయి తీసేశాక మిగిలింది సమానంగా పంచుకోవాలి, అదీ ఆ రాత్రే.