స్పీకర్ గరగర: తప్పు కేబుల్‌ది కాదు, కొసది

బెజవాడ ఉక్కపోతకు స్పీకర్ వైరు కొస నల్లబడి, పచ్చటి చిలుము పడుతుంది. మా ఇంట్లో ఎడమ స్పీకర్ గరగరకు కారణం అదే. ఆంప్లిఫయర్ ఆపి, పాడైన కొస 2 సెంటీమీటర్లు కత్తిరించి, 1 సెంటీమీటరు తొడుగు ఒలిచి, పోగులు మెలిపెట్టి బనానా ప్లగ్ (వైరు కొసకు తగిలించి సాకెట్‌లో గుచ్చే పిన్ను) స్క్రూ బిగించాను. గరగర పోయింది. కొసకు సోల్డర్ మాత్రం పూయకండి; స్క్రూ కింద అది మెల్లగా నలిగి పట్టు వదులుతుంది. ఒక్క పోగు పక్క టెర్మినల్‌కు తగిలినా షార్టే.

మరి కేబుల్ మార్చాలా? 1.5 చదరపు మి.మీ. రాగి వైరు 5 మీటర్లకు, రానూపోనూ కలిపి, నిరోధం సుమారు 0.12 ఓమ్. 8 ఓమ్ స్పీకర్‌కు అది లెక్కలోకే రాదు, ఎంత ఖరీదైనది వేసినా చెవికి తేడా తెలియదు. అదే దూరానికి 0.5 చదరపు మి.మీ. వైరు, 4 ఓమ్ స్పీకర్ అయితే మార్చాల్సిందే. కొనేటప్పుడు పోగు గీరి చూడండి: లోపల తెల్లగా ఉంటే అది అసలు రాగి కాదు, రాగి పూత వేసిన అల్యూమినియం.