పాత కంప్యూటర్ అమ్మే ముందు డిస్క్ పని చూడండి

విశాఖలో పాత కంప్యూటర్‌ను ద్వారకానగర్‌లో ఎక్స్ఛేంజ్‌కి ఇచ్చినా, వీధిలోకొచ్చే పాత సామాన్లవాళ్లకు వేసినా, లోపలి డిస్క్ సంగతి ముందు తేల్చుకోండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా పోయేది ఫైళ్ల జాబితా మాత్రమే. ఆధార్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అక్కడే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌కి దొరికిపోతాయి.

కావలసినవి కాపీ చేసుకుని, రెండు మూడు ఫైళ్లు తెరిచి చూసుకోండి.

హార్డ్‌డిస్క్ అయితే వేరే కంప్యూటర్‌కి తగిలించండి. విండోస్‌లో ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ (diskpart), లిస్ట్ డిస్క్ (list disk), సెలెక్ట్ డిస్క్ (select disk) అని దాని నంబరు, చివరికి క్లీన్ ఆల్ (clean all) ఇవ్వండి. ఉత్త క్లీన్ చాలదు. క్లీన్ ఆల్ అయితేనే డిస్క్‌లోని ప్రతి సెక్టార్‌లో, అంటే డేటా ఉండే ప్రతి చిన్న గడిలో, సున్నాలు రాస్తుంది. 1 టీబీకి రెండు మూడు గంటలు పడుతుంది. ప్రమాదమంతా నంబరు దగ్గరే. తప్పు డిస్క్ ఎంచుకుంటే "నిజమేనా?" అని కూడా అడగదు, అందుకే సైజు సరిపోల్చుకోండి.

తిరిగే భాగాలు లేని, చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి నమ్మదగినది కాదు. లోపలి కంట్రోలర్ రాతల్ని వేరే సెల్స్‌కి మళ్లిస్తుంది, పాతవి మిగిలిపోవచ్చు. కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల మెనూ అయిన బయోస్‌లోనో, తయారీదారు టూల్‌లోనో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడండి.

డిస్క్ చెడిపోయి కనబడకపోతే కంప్యూటర్‌తో ఇవ్వకుండా విప్పి ఉంచేసుకోండి. సముద్రపు ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టి ఉంటే బలవంతపెట్టకండి, తల అరిగిపోతుంది. తుప్పు వదిలించే నూనె చుక్క వేసి పావుగంట ఆగండి. హార్డ్‌డిస్క్ అయితే పారేసే ముందు లోపలి పళ్లేల (డేటా ఉండే గుండ్రటి పలకల) గుండా మూడు చోట్ల డ్రిల్ చేయండి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లేలు చాలావరకు గాజువి, పెంకులు ఎగురుతాయి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.