పేపర్ చూడగానే అన్నీ మర్చిపోయే పిల్లలకు: మా ఇంట్లో పనిచేసింది ఇది

మాది దిల్‌సుఖ్‌నగర్. మా పెద్దమ్మాయిది పోయినేడు పదో తరగతి. ఇంట్లో లెక్కలన్నీ చేసేది. టెస్టులో పేపర్ చేతికి రాగానే అరచేతులకు చెమట, ఏమీ గుర్తురాదు. ట్యూషన్ మార్చడం, తెల్లవారుజామున 4కి లేపడం, బాదంపాలు, చిలుకూరు మొక్కు అన్నీ అయ్యాయి.

చివరికి కుదిరింది ఇది. జనవరి నుంచి ప్రతి ఆదివారం సరిగ్గా 9:30కి, అంటే పబ్లిక్ పరీక్ష మొదలయ్యే టైముకే, డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్ పెట్టాం. మొదటి వారం అరగంటే. మూడు గంటలకు రావడానికి నెలన్నర పట్టింది. మొదటి ఐదు నిమిషాలు రాయకూడదు, ప్రశ్నలన్నీ చదివి, తనకు వచ్చినవాటి పక్కన పెన్సిల్ చుక్క పెట్టాలి, అంతే. చుక్కలున్నవే ముందు. మధ్యలో బుర్ర ఆగిపోతే పెన్ను కింద పెట్టి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. మొదట్లో దీనికి తెగ నవ్వేది.

మార్కులు నేను వేయలేదు (వేస్తే నా మొహంలోనే తెలిసిపోతుంది). సాయంత్రం తనే దిద్దుకుని తప్పుల్ని నోట్‌బుక్‌లో రెండు వైపులా రాసింది: 'రాదు', 'వచ్చు గానీ పోయింది'. రెండో వైపే నిండింది. వర్గ సమీకరణాల్లో మైనస్ గుర్తు ఎగిరిపోవడం, అదొక్కటే నాలుగు వారాలు! అది చూశాకే భయం కాస్త దిగింది.

మార్చిలోనూ చెమట పట్టిందట, కానీ పేపర్ పూర్తిచేసింది. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. అసలు చదవని మా చిన్నోడికి పనిచేయలేదు. నిద్ర, తిండి కూడా పోతుంటే మాత్రం డాక్టర్‌ని కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.