మిలాన్-కోర్తినా ఆటలకా? టికెట్‌లో ఊరి పేరు చూడండి
ఇటలీలో మిలాన్-కోర్తినా 2026 శీతాకాల ఒలింపిక్స్ అనగానే రెండూ పక్కపక్క ఊళ్లనుకునేరు! మధ్యలో రోడ్డు దూరమే దాదాపు 400 కిలోమీటర్లు. అందుకే టికెట్‌లో ఆట పేరుతో పాటు ఊరి పేరూ చూసుకోండి. ఐస్ హాకీ, ఫిగర్ స్కేటింగ్ మిలాన్‌లోనే. అసలు తికమకంతా ఆల్పైన్ స్కీయింగ్ (మంచుకొండ వాలు మీంచి స్కీలతో కిందికి జారే ఆట) దగ్గరే: ఆడవాళ్ల పోటీలు కోర్తినాలో, మగవాళ్లవి ఎక్కడో బోర్మియోలో. ఈ రెండు ఊళ్లకీ రైలు లేదు. బోర్మియోకైతే తిరానోలో, కోర్తినాకైతే కలాల్‌ట్సోలో దిగి కొండదారిన బస్సెక్కాలి. మ్యాప్‌లో దగ్గరగానే కనిపిస్తుంది గానీ, ఆ మలుపుల్లో టైం తెగ పడుతుంది. చలికి ఫోన్ చార్జింగ్ ఇట్టే దిగిపోతుంది కాబట్టి స్టాపు పేరు, తిరుగు బస్సు టైము ఓ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.