ఎండీ-పీహెచ్‌డీ అప్లికేషన్: ఆగిపోయిన రికమెండేషన్ లెటర్ ఎలా వచ్చిందంటే

అమెరికాలో ఎండీ-పీహెచ్‌డీకి (డాక్టర్ చదువు, రీసెర్చ్ డిగ్రీ రెండూ కలిపిన కోర్సు) అప్లై చేస్తే, మనం రీసెర్చ్ చేసిన ల్యాబ్ హెడ్ లెటర్‌కి కాలేజీలు చాలా విలువ ఇస్తాయి. నేను రెండేళ్లు పనిచేసిన ల్యాబ్ ప్రొఫెసర్ ఫిబ్రవరిలో సరేనన్నారు, జూన్ వచ్చినా లెటర్ లేదు, ఒకటే టెన్షన్. అసలు సంగతేమిటంటే నా రోజువారీ పని ఆయనకు పెద్దగా తెలియదు, దగ్గరుండి నేర్పింది అదే ల్యాబ్‌లోని పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక అక్కడ రీసెర్చ్ చేస్తున్నావిడ. అందుకే ఆమెను డ్రాఫ్ట్ రాయమని, ఆయన్ని తన మాటలు కలిపి ఇద్దరూ సంతకం చేయమని అడిగాను. సీవీ, పోస్టర్, ఫెయిలైన ప్రయోగాన్ని ఎలా సరిచేశానో చెప్పే ఒక పేజీ, లెటర్ ఐడీ ఉన్న ఆమ్‌కాస్ (అమెరికా మెడికల్ కాలేజీల ఉమ్మడి అప్లికేషన్ సర్వీస్) ఫారం, అన్నీ ఒకే మెయిల్‌లో పంపాను. తొమ్మిది రోజుల్లో అప్‌లోడ్ అయింది.

ఇంకోటి, లెటర్లు రాలేదని అప్లికేషన్ ఆపకండి. ఆమ్‌కాస్ వెరిఫికేషన్‌కి, అంటే మన కోర్సులు, మార్కులు సరిచూడటానికి, వాటితో పని లేదు, తర్వాతైనా చేరతాయి. ఇది తెలియక నాకు రెండు వారాలు పోయాయి.